గేదె ఇస్తే సరా? వెంట నడిచేదెవరు?

దళిత, నిరుపేద వ్యాపారులకు అప్పులున్నాయి, సబ్సిడీలున్నాయి. వారిని నిలబెట్టే స్వచ్ఛంద సంస్థలకే నిధులు కరవు. బెంగాల్ నుంచి మెదక్ దాకా, అక్కడి నుంచి అట్లాంటా దాకా ఇదే పరిస్థితి.

కోల్‌కతాకు హుగ్లీ నది అవతలి ఒడ్డున, హౌరా జిల్లాలో ఉన్న సంత్రాగాఛికి రెండు విషయాల్లో పేరుంది. ఒకటి, చలికాలంలో వలస బాతులు దిగే చెరువు. రెండోది, ఆ చెరువు పక్కనే ఉన్న రైల్వే జంక్షన్. హౌరా స్టేషన్ రద్దీని తట్టుకోలేక దక్షిణాదికి వెళ్లే కొన్ని రైళ్లను ఇక్కడి నుంచే నడుపుతుండటంతో తెలుగు ప్రయాణికులకూ ఈ పేరు పరిచయమే. స్టేషన్ దాటి బయటికొస్తే ఏ జంక్షన్ ఊళ్లోనైనా కనిపించే దృశ్యమే. టీ కొట్లు, కూరగాయల తట్టలు, చేపల బుట్టలు, చౌక దుస్తుల బండ్లు. పొద్దున అప్పు తెచ్చి సరుకు కొనడం, సాయంత్రానికి అమ్మి తీర్చడం, మిగిలిందేదో ఇంటికి పట్టుకెళ్లడం. ఈ వ్యాపారులను పారిశ్రామికవేత్తలని ఎవరూ అనరు. కానీ నష్టం వస్తే భరించేది వాళ్లే, లాభం వస్తే లెక్క చూసుకునేదీ వాళ్లే.

ఈ స్టేషన్‌లో ఖరగ్‌పూర్ వైపు లోకల్ రైలెక్కితే అదే జిల్లాలో బాగ్నాన్ వస్తుంది. 2002లో బంధన్ అనే చిన్న స్వచ్ఛంద సంస్థ పేద మహిళలకు అప్పులివ్వడం మొదలుపెట్టింది అక్కడే. అదే బంధన్ 2015 ఆగస్టులో బ్యాంకుగా మారింది. ఇంకా ముందుకెళితే ఖరగ్‌పూర్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వెళ్లిన తెలుగువాళ్లు తరతరాలుగా అక్కడ స్థిరపడ్డారు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబర్‌లో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపిందంటే కారణం వాళ్లే.

చేతిలో చిల్లిగవ్వ లేనివాడికి పెట్టుబడి ఎవరిస్తారన్న ప్రశ్నకు గత రెండు దశాబ్దాల్లో దేశం చాలా సమాధానాలే ఇచ్చింది. సూక్ష్మరుణాలు వచ్చాయి. ఎస్సీ, ఎస్టీలకు ప్రత్యేక రుణ పథకాలు వచ్చాయి. తెలంగాణలో ఏకంగా కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఉచితంగా ఇచ్చే పథకం వచ్చింది. కానీ ఆ పెట్టుబడి కరిగిపోకుండా వారం వారం వచ్చి లెక్క అడిగే మనిషికి, పశువుకు జబ్బు చేస్తే డాక్టర్ని పిలిపించే మనిషికి, బ్యాంకు మేనేజర్ ముందు పక్కన కూర్చునే మనిషికి జీతం ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు మాత్రం సమాధానం లేదు. ఉన్న కొద్దిపాటి సమాధానమూ ఇప్పుడు సన్నగిల్లుతోంది. ఆ జీతం వచ్చేది ప్రధానంగా గ్రాంట్ల నుంచే. ఆ గ్రాంట్లు అందుకునేది స్వచ్ఛంద సంస్థలు.

అప్పు ఎక్కని గడప

సూక్ష్మరుణ సంస్థలకు మొదటి నుంచీ తెలిసిన రహస్యం ఒకటుంది. ఊళ్లో అందరికంటే పేదవాళ్లు తమ దగ్గరికి రారు. వారం వారం కిస్తీ కట్టాలంటే వారం వారం ఆదాయం ఉండాలి. ఒంటరి మహిళకు, మొగుడు మంచం పట్టిన ఇల్లాలికి ఆ ధైర్యం ఉండదు. తోటి సభ్యులు కూడా ఆమెను గ్రూపులో చేర్చుకోవడానికి జంకుతారు. ఆమె కిస్తీ కట్టకపోతే ఆ భారం తమ మీద పడుతుందని వారి భయం.

పొరుగున బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 2002లో దీనికి ఒక మార్గం కనిపెట్టింది. అప్పు కాదు, ఆస్తి ఇవ్వాలి. దాంతోపాటు కొంతకాలం తిండికి భత్యం, పనిలో శిక్షణ, పొదుపు అలవాటు, ఇంటికి వచ్చి చూసిపోయే కార్యకర్త. అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ. ఈ పద్ధతి వేరే చోట్ల పనిచేస్తుందా అని తేల్చుకోవడానికి ప్రపంచ బ్యాంకు ఆవరణలో ఉన్న సీగ్యాప్ సంస్థ, అమెరికాకు చెందిన ఫోర్డ్ ఫౌండేషన్ కలిసి 2006లో 8 దేశాల్లో 10 ప్రయోగాలకు శ్రీకారం చుట్టాయి. మన దేశానికి మూడు దక్కాయి. వాటిలో ఒకటి బంధన్ ముర్షిదాబాద్ జిల్లాలో చేపట్టింది. మరొకటి ఎస్‌కేఎస్ సంస్థ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాలో చేపట్టింది.

ముర్షిదాబాద్‌లో ముందుగా ఊరివాళ్లనే కూర్చోబెట్టి ఎవరి ఇల్లు ఎంత పేదదో వాళ్లచేతే చెప్పించారు. ఎంపికైన మహిళ ఆవో, మేకలో, చిన్న దుకాణానికి సరుకో ఎంచుకుంటే సంస్థే కొనిచ్చింది. పశువు ఆదాయం ఇచ్చేదాకా గడవడానికి వారానికి కొంత భత్యం ముట్టజెప్పింది. ఏడాదిన్నర పాటు ఒక కార్యకర్త వారం వారం వాళ్ల ఇంటికి వెళ్లాడు. విచిత్రం ఏమిటంటే, ఇస్తామన్నవారిలో దాదాపు సగం మంది తీసుకోలేదు. ఊరికే ఎవరు ఇస్తారు, ఇందులో ఏదో మతలబు ఉందన్న అనుమానం చాలామందిని వెనక్కి లాగింది.

ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు ఈ ప్రయోగాన్ని ఏళ్ల తరబడి వెన్నాడారు. వీరిద్దరికీ 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆరు దేశాల్లో 10 వేలకు పైగా కుటుంబాల మీద జరిపిన పరిశీలన ఫలితాలు 2015లో ‘సైన్స్’ పత్రికలో వెలువడ్డాయి. పెట్టిన ఖర్చుకు వచ్చిన ప్రయోజనం అన్ని దేశాల్లోకీ భారత్‌లోనే, అంటే ముర్షిదాబాద్‌లోనే ఎక్కువని తేలింది. ఖర్చుకు నాలుగింతలకు పైగా ఫలితం వచ్చిందని వారు లెక్కగట్టారు. పదేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూసినా సాయం పొందిన కుటుంబాలు తోటివారికంటే మెరుగ్గా తిని, మెరుగ్గా సంపాదిస్తున్నాయి. తొలి ఏళ్లలో పశువుల ద్వారా, చిన్న వ్యాపారాల ద్వారా వచ్చిన ఆదాయం ఆ తర్వాత మంచి కూలి దొరికే పనులకు, వలసకు దారి వేసింది.

మరి పనిచేసింది ఆవా, వారం వారం ఇంటికి వచ్చిన మనిషా? దీనికి సమాధానం ఘనాలో దొరికింది. అక్కడ కొన్ని కుటుంబాలకు మొత్తం ప్యాకేజీ ఇచ్చారు. మరికొన్నిటికి మేకలు మాత్రమే ఇచ్చి వదిలేశారు. ఇంకొన్నిటికి పొదుపు సౌకర్యం మాత్రమే కల్పించారు. చివరికి నిలదొక్కుకున్నది మొత్తం ప్యాకేజీ అందుకున్నవారే. మేకలు మాత్రమే అందినవారిలో చెప్పుకోదగ్గ మార్పు నిలవలేదు. ఆస్తి ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదని దీన్నిబట్టి తేలిపోయింది.

నారాయణఖేడ్ నేర్పిన పాఠం

అలాగని వెంట నడిచే మనిషి ఉంటే చాలు, అంతా సవ్యంగా సాగిపోతుందని అనుకోవడానికి లేదు. మెదక్‌లోని నారాయణఖేడ్ ప్రాంతంలో ఎస్‌కేఎస్ ఇదే ప్యాకేజీని అమలుచేసింది. అక్కడ ఎక్కువమంది ఎంచుకున్నది గేదెను. వెయ్యికి పైగా కుటుంబాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు జొనాథన్ మోర్డక్, షమికా రవి, జొనాథన్ బౌషే చివరికి తేల్చిందేమిటంటే, పథకంలో చేరినవారికీ చేరనివారికీ ఆదాయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

కారణం ఆసక్తికరం. పథకం విఫలమై కాదు, ఊరు మారిపోయి. ఆ రోజుల్లో అక్కడ వ్యవసాయ కూలి రేట్లు బాగా పెరుగుతున్నాయి. గేదెను చూసుకోవడానికి ఇంటి దగ్గర ఉండిపోయిన మహిళ ఆ కూలిని వదులుకోవాల్సి వచ్చింది. పాల మీద వచ్చిన ఆదాయం, పోగొట్టుకున్న కూలి, ఆ లెక్క ఈ లెక్క సరిపోయాయి. కొందరు గేదెను అమ్మేసి పాత అప్పులు తీర్చుకున్నారు. పథకంలో చేరని ఇరుగుపొరుగువారు కూలి పనులతోనే వారికి దీటుగా ఎదిగారు.

ముర్షిదాబాద్‌లో పనికొచ్చిన ఆవు నారాయణఖేడ్‌లో గేదెగా మారినంత మాత్రాన పనికిరాలేదు. ఎక్కడ ఏ పని దొరుకుతోంది, కూలి ఎంత, ఏ సరుకుకు గిరాకీ ఉంది అన్నది తెలిసినవాళ్లు స్థానికంగా ఉండాలి. వాళ్లు చెప్పింది విని పథకాన్ని మార్చుకునే స్వేచ్ఛ కూడా ఉండాలి. ఫలానా జంతువు, ఫలానా సంఖ్య అని ముందే రాసుకున్న గ్రాంటు ఒప్పందాల్లో ఆ వెసులుబాటు ఉండదు.

నారాయణఖేడ్ నుంచి నేర్చుకోవాల్సింది మరొకటి కూడా ఉంది. 1990ల చివర్లో అక్కడ స్వచ్ఛంద సంస్థగా మొదలైన ఎస్‌కేఎస్ తర్వాత కంపెనీగా మారి 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌కెక్కింది. అప్పుల వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల ఆరోపణల నేపథ్యంలో అదే ఏడాది అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. పేదల పేరు చెప్పి పుట్టిన సంస్థలంటే తెలుగు నేల మీద నేటికీ అనుమానం మిగిలి ఉందంటే అది ఉత్తినే పుట్టింది కాదు. అయితే అప్పు వ్యాపారం వేరు, గ్రాంటుతో చేసే సేవ వేరు. బంధన్ బ్యాంకు అయ్యాక కూడా నిరుపేదల కార్యక్రమాన్ని బంధన్-కొన్నగర్ అనే స్వచ్ఛంద సంస్థ విడిగా నడుపుతూ వచ్చింది.

కులం కట్టిన గోడ

ముర్షిదాబాద్‌లో, మెదక్‌లో ఎంపికకు ప్రాతిపదిక పేదరికం. కానీ మన దేశంలో వ్యాపారానికి పేదరికం ఒక్కటే అడ్డంకి కాదు. సరుకు అరువిచ్చే టోకు వ్యాపారి, గిరాకీ తెచ్చిపెట్టే బంధువు, హామీ సంతకం పెట్టే స్నేహితుడు, వీళ్లందరూ సాధారణంగా సొంత కులంలోనే దొరుకుతారు. తరాలుగా వ్యాపారం చేసినవాళ్లు లేని కులంలో పుట్టినవాడికి ఈ పరపతి ఉండదు. లక్ష్మీ అయ్యర్, తరుణ్ ఖన్నా, ఆశుతోష్ వార్ష్ణేయ 2005 ఆర్థిక గణాంకాలను విశ్లేషించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, దేశంలోని సంస్థల్లో ఎస్సీల యాజమాన్యంలో ఉన్నవి 9.8 శాతం. అప్పటి జనాభాలో వారి వాటా 16.4 శాతం. పశ్చిమ బెంగాల్‌లో అయితే 2011 జనాభా లెక్కల ప్రకారం ఎస్సీలు 23.5 శాతం.

ఈ గోడను బద్దలు కొట్టాలని 2005లో పుణెలో మిలింద్ కాంబ్లే దళిత్ ఇండియన్ చాంబర్ ఆఫ్ కామర్స్ అండ్ ఇండస్ట్రీ, అంటే డిక్కీని స్థాపించారు. ఉద్యోగాలు అడిగేవాళ్లం కాదు, ఇచ్చేవాళ్లమవుదాం అన్నది దాని ఆలోచన. తెలుగువారైన నర్రా రవికుమార్ ఆ సంస్థలో జాతీయ స్థాయి బాధ్యతలు చేపట్టారు. 2014లో పద్మశ్రీ అందుకున్నారు. ప్రభుత్వాలూ కదిలాయి. 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల విధానంలో ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల నుంచి 4 శాతం కొనాలని నిర్దేశించారు. 2014లో తెలంగాణ టీ-ప్రైడ్ పేరుతో దళిత, గిరిజన పారిశ్రామికవేత్తలకు ప్రోత్సాహకాలు ప్రకటించింది. 2016 ఏప్రిల్‌లో కేంద్రం స్టాండప్ ఇండియా తెచ్చింది. ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, కనీసం ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా రుణం ఇవ్వాలన్నది దాని సారాంశం.

ఫలితం? ఆ పథకం ముగింపుకొచ్చిన 2025 మార్చి నాటికి మంజూరైన రుణాలు 61 వేల కోట్ల రూపాయలు దాటాయి. తక్కువేమీ కాదు. కానీ 2024 మార్చి నాటి లెక్క చూస్తే మహిళల ఖాతాలు లక్షా 90 వేల పైచిలుకు ఉంటే, ఎస్సీలవి 46 వేల పైచిలుకు, ఎస్టీలవి 15 వేల పైచిలుకు. ఒకే శాఖ, ఒకే నిబంధన, అయినా ఇంత తేడా. ప్రాజెక్టు నివేదిక రాయడం, తన వంతు సొమ్ము చూపించడం, మేనేజర్‌ను ఒప్పించడం అన్న మెట్ల దగ్గరే చాలామంది దళిత దరఖాస్తుదారులు ఆగిపోతారు. చేయి పట్టుకుని నడిపించే కేంద్రాలు పథకంలో ఉన్నాయి. ఉన్నవి ఎక్కువగా కాగితం మీద, పోర్టల్లో.

తెలంగాణ దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో వెళ్లింది. 2021 ఆగస్టులో ప్రారంభమైన దళితబంధులో బ్యాంకు లేదు, కిస్తీ లేదు. కుటుంబానికి 10 లక్షల రూపాయలు. యాదాద్రి భువనగిరి జిల్లా వాసాలమర్రిలో 76 కుటుంబాలతో మొదలైంది. ఉప ఎన్నిక ముంగిట ఉన్న హుజూరాబాద్ నియోజకవర్గానికి 2 వేల కోట్ల రూపాయలు కేటాయించారు. దేశంలో ఏ రాష్ట్రమూ దళిత కుటుంబం చేతిలో ఇంత పెద్ద మొత్తం గ్రాంటుగా పెట్టలేదు. ఎంచుకున్నవాటిలో కార్లు, ట్రాక్టర్లు, సరుకు రవాణా వాహనాలు ఎక్కువ. ఒకే మండలంలో ఒకేసారి ఇన్ని వాహనాలు దిగితే కిరాయి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న అప్పుడే తలెత్తింది. పథకంలో శిక్షణ, పర్యవేక్షణ లేవని కాదు. కానీ ఏళ్ల తరబడి ఇంటింటికీ వెళ్లే యంత్రాంగం సొమ్ము పంపిణీ అయినంత వేగంగా పుట్టలేదు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారడంతో పథకమే ఆగిపోయింది.

చెక్కు పంపిణీకి సభ పెట్టవచ్చు, ఫొటో దిగవచ్చు. పద్దెనిమిది నెలల పాటు వారానికోసారి తలుపు తట్టే కార్యకర్తకు జీతమిస్తే ఓట్లు రాలవు. రాజకీయం ఇక్కడ ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు.

సర్టిఫికెట్ రైలెక్కదు

సంత్రాగాఛి మీదుగా రాకపోకలు సాగించే తెలుగు దళిత, గిరిజన కుటుంబాలకు మరో చిక్కుంది. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి మూలం. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపున్న కుటుంబంలోని విద్యార్థి బొంబాయి వైద్య కళాశాలలో ఎస్టీ కోటాలో సీటు అడిగితే, ఒక రాష్ట్రంలో ఉన్న ఎస్సీ, ఎస్టీ హోదా మరో రాష్ట్రానికి వలస వెళ్లినవారి వెంట రాదని రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. వెనకబాటు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి జాబితాలు కూడా రాష్ట్రానికో రకంగా ఉంటాయన్నది అందులోని తర్కం. రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ అదే కులం పేరున్నా వలసవచ్చినవారికి అది వర్తించదని 1994లో మరో తీర్పు వచ్చింది. 2018లో ఢిల్లీ జల్ బోర్డు కేసులోనూ ధర్మాసనం ఇదే సూత్రాన్ని నిలబెట్టింది.

చట్టం దృష్టిలో ఇది సబబే కావచ్చు. జీవితంలో మాత్రం దీని అర్థం వేరు. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి బెంగాల్‌లో స్థిరపడిన దళిత కుటుంబం స్వరాష్ట్రంలో ఎస్సీ కార్పొరేషన్ రుణానికి వెళితే ఇక్కడ నివాసం లేదంటారు. ఉంటున్న రాష్ట్రంలో అడిగితే కులం చెల్లదంటారు. చీపురు పట్టినప్పుడు వెంటవచ్చిన కులం, రుణం అడిగినప్పుడు మాత్రం సరిహద్దు దగ్గరే దిగిపోతుంది. ఇలాంటి కుటుంబాలకు సాయం చేయగలిగేది సర్టిఫికెట్ అడగని స్వచ్ఛంద సంస్థే. దాన్ని బతికించేది ప్రైవేటు గ్రాంటే.

అట్లాంటాలో మరో గొడవ

అమెరికా నల్లజాతీయుల పరిస్థితి మన దళితుల పరిస్థితికి అచ్చుగుద్దినట్లు ఉంటుందనలేం గానీ, పోలికలు కొట్టొచ్చినట్లు కనిపిస్తాయి. అక్కడి జనాభాలో నల్లజాతీయులు దాదాపు 14 శాతం. కనీసం ఒక ఉద్యోగికైనా జీతమిచ్చే సంస్థల్లో వారి యాజమాన్యంలోనివి 3 శాతానికి అటూఇటూగా ఉన్నాయి. అక్కడ స్వచ్ఛంద సంస్థల ద్వారా సాయం చేసే సంప్రదాయం పాతది. నిక్సన్ అధ్యక్షుడిగా ఉన్న 1969లో మైనారిటీ వ్యాపారాల కోసం ఏర్పాటైన ఫెడరల్ సంస్థ విశ్వవిద్యాలయాలకు, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లిచ్చి వాటి ద్వారా సలహా కేంద్రాలు నడిపిస్తూ వచ్చింది. డబ్బు వ్యాపారి చేతికి కాదు, వ్యాపారికి దారి చూపేవారి చేతికి. మన పథకాల్లో లేనిది సరిగ్గా ఇదే.

ఆ ఏర్పాటు ఇప్పుడు కుదేలైంది. అట్లాంటాలోని ఫియర్‌లెస్ ఫండ్ నల్లజాతి మహిళల చిన్న వ్యాపారాలకు పోటీ పెట్టి 20 వేల డాలర్ల చొప్పున గ్రాంట్లిచ్చేది. ఇది ఇతర జాతులపట్ల వివక్ష అంటూ 2023 ఆగస్టులో ఎడ్వర్డ్ బ్లమ్ నేతృత్వంలోని సంస్థ కోర్టుకెక్కింది. ఆధారంగా చూపింది ఏ చట్టాన్నో తెలుసా? బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతీయులకు ఒప్పందాలు చేసుకునే హక్కు కల్పించిన 1866 నాటి పౌరహక్కుల చట్టాన్ని. 2024 జూన్‌లో అప్పీలు కోర్టు 2-1 మెజారిటీతో ఆ గ్రాంట్లను ఆపేసింది. సెప్టెంబర్‌లో రాజీ కుదిరింది, పోటీ మూతపడింది. నిక్సన్ కాలం నాటి ఫెడరల్ సంస్థకూ 2024 మార్చిలో టెక్సాస్ కోర్టులో ఎదురుదెబ్బ తగిలింది. మైనారిటీ జాతులన్న ఒక్క కారణంతో సాయం చేయడం కుదరదని జడ్జి అన్నారు. 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ ఆ సంస్థను చట్టం అనుమతించినంత మేర కుదించాలని ఆదేశించారు. ఆ మే నెలలో రోడ్ ఐలాండ్‌లోని ఫెడరల్ కోర్టు దానికి అడ్డుకట్ట వేసింది.

కోర్టుల గొడవకు ముందు నుంచే ఉన్న జబ్బు ఒకటుంది. బ్రిడ్జ్‌స్పాన్, ఎకోయింగ్ గ్రీన్ అనే సంస్థలు 2020లో విడుదల చేసిన అధ్యయనం దాన్ని బయటపెట్టింది. తమ దగ్గరికి దరఖాస్తులతో వచ్చిన స్వచ్ఛంద సంస్థల్లో నల్లజాతీయులు నడిపేవాటి ఆదాయం తెల్లవారు నడిపేవాటికంటే 24 శాతం తక్కువ. షరతులు లేకుండా వాడుకోదగ్గ నిధులు ఏకంగా 76 శాతం తక్కువ. దాతలు వారికి డబ్బిచ్చినా నమ్మకం ఇవ్వలేదన్నమాట. ఫలానా పనికి ఇంత అని గీత గీసి ఇచ్చారే తప్ప, మీ సంస్థను మీరు నిలబెట్టుకోండని ఇవ్వలేదు.

గ్రాంటుకు తాళాలు

మన దేశంలో అలాంటి దావా వేయడం తేలిక కాదు. వెనకబడిన కులాలకు ప్రత్యేక సాయాన్ని రాజ్యాంగమే అనుమతిస్తోంది. ఎస్సీ, ఎస్టీల ఆర్థిక ప్రయోజనాలను కాపాడాలని 46వ అధికరణం ప్రభుత్వాలకు చెబుతోంది. ఇక్కడ తాళం వేరేచోట ఉంది.

మొదటిది, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. 2020 సెప్టెంబర్‌లో చేసిన సవరణతో విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం నిషిద్ధమైంది. పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. విదేశీ సొమ్ము దుర్వినియోగమవుతోందన్నది ప్రభుత్వ వాదన. కొన్ని సంస్థల విషయంలో అది అబద్ధం కాదు కూడా. కానీ నలిగిపోయింది చిన్నవాళ్లు. కోల్‌కతా, హైదరాబాద్‌లలోని పెద్ద సంస్థ గ్రాంటు తెచ్చి పల్లెల్లోని చిన్న సంస్థలకు పంచే పద్ధతికి తెరపడింది. ఇంగ్లిష్‌లో దరఖాస్తు రాయలేని, ఢిల్లీలో పలుకుబడి లేని దళిత, గిరిజన సంస్థలకు ఆ పద్ధతే ఆధారం.

రెండోది, కంపెనీల సామాజిక బాధ్యత నిధి. పెద్ద కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలన్న నిబంధన 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 2022-23లో ఇలా ఖర్చయింది దాదాపు 30 వేల కోట్ల రూపాయలు. వెనకబడిన వర్గాల అసమానతలు తగ్గించడం చట్టం అనుమతించిన జాబితాలో ఉన్నా, సొమ్ములో సింహభాగం విద్య, ఆరోగ్యాలకు పోతోంది. బడికి రంగు వేయిస్తే బోర్డు పెట్టుకోవచ్చు. దళిత మహిళ దుకాణం మూడేళ్లు మూతపడకుండా ఉంటే దానికి బోర్డు ఎక్కడ పెడతారు? పైగా 2021 నిబంధనల ప్రకారం ఈ నిధులు అందుకునే బయటి సంస్థకు కేంద్రం దగ్గర నమోదు, పన్ను మినహాయింపు పత్రాలు, మూడేళ్ల అనుభవం ఉండాలి. మోసగాళ్లను ఏరివేయడానికి ఇది అవసరమే. కానీ కొత్తగా పుట్టిన బస్తీ సంస్థ మొదటి మూడేళ్లు ఎవరి డబ్బుతో బతకాలో ఆ నిబంధనలు చెప్పవు.

స్వచ్ఛంద సంస్థలు జీతాలకే సగం మింగేస్తాయి, ఆ డబ్బేదో నేరుగా పేదవాడి ఖాతాలో వేస్తే పోలా అనే వాదనకు మన దగ్గర ఆదరణ ఎక్కువ. అవినీతి చూసి విసిగిన జనానికి అది సహజం కూడా. అయితే డాక్టర్ జీతాన్ని ఆసుపత్రి దుబారాగా ఎవరూ లెక్కగట్టరు. వారం వారం ఇంటికి వెళ్లే కార్యకర్తే ఈ పథకాల్లో డాక్టర్. ఆ జీతాన్ని నిర్వహణ ఖర్చు అనే పద్దులో వేసి కోసేస్తే మిగిలేది మేక మాత్రమే. మేక ఒక్కటే ఏం చేస్తుందో ఘనాలో చూశాం.

బిహార్ చూపిన దారి

మార్గం లేదా అంటే, ఉంది. బెంగాల్ పక్కనే ఉంది. బిహార్‌లో మద్య నిషేధంతో ఉపాధి పోయిన కుటుంబాల కోసం, నిరుపేదల కోసం 2018 ఆగస్టులో సతత్ జీవికోపార్జన్ యోజన మొదలైంది. ముర్షిదాబాద్ నమూనాను తీసుకుని, బంధన్-కొన్నగర్ సాంకేతిక సహకారంతో రాష్ట్ర ప్రభుత్వమే జీవిక సంస్థ ద్వారా నడిపింది. మహిళా సంఘాలే అర్హులను గుర్తిస్తాయి. సరుకు గానీ, పశువు గానీ కొనిస్తారు. ప్రతి కొన్ని కుటుంబాలకు ఒక మాస్టర్ రిసోర్స్ పర్సన్ ఉంటారు. ఇంటికి వెళ్లి లెక్కలు చూసేది, దారి తప్పితే సరిచేసేది ఆ మనిషే. లక్షకు పైగా కుటుంబాలు ఇందులో చేరాయి. విదేశీ గ్రాంటుతో ఒక స్వచ్ఛంద సంస్థ చేసిన చిన్న ప్రయోగం పదేళ్ల తర్వాత రాష్ట్ర బడ్జెట్‌లో పద్దుగా మారింది. గ్రాంటు పని అదే. ప్రభుత్వం సాహసించని చోట ముందు అడుగు వేయడం, పనిచేస్తుందని తేలాక ప్రభుత్వానికి అప్పగించడం. ఆ తొలి గ్రాంట్లే ఎండిపోతే రేపటి పథకాలకు నమూనాలు దొరకవు.

దళిత వ్యాపారుల విషయంలో ఇదే పని ఇంకా జరగలేదు. రుణ పథకంలో కొంత భాగాన్ని, రుణగ్రహీత వెంట మూడేళ్లు నడిచే స్థానిక సంస్థకు ఫలితాన్నిబట్టి చెల్లించవచ్చు. కంపెనీలు తమ నిధులను ఏడాదికోసారి కాక మూడేళ్ల ఒప్పందంతో ఇవ్వవచ్చు. వలస వెళ్లిన ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఉద్యోగాల కోటా సంగతి ఎలా ఉన్నా, జీవనోపాధి రుణాల వరకు స్వరాష్ట్ర సర్టిఫికెట్‌ను గుర్తించే విధానం తేవచ్చు. వీటిలో ఏదీ ఖజానాను ఖాళీ చేసేది కాదు.

2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం, తొలిసారి వ్యాపారం పెట్టే 5 లక్షల మంది మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లలో 2 కోట్ల రూపాయల దాకా రుణాలిచ్చే కొత్త పథకం ప్రకటించింది. స్టాండప్ ఇండియా నేర్పిన పాఠాలను ఇందులో చేర్చుతామని చెప్పింది. వ్యాపార మెళకువల్లో శిక్షణ కూడా ఉంటుందని చెప్పింది, అది ఆన్‌లైన్‌లో. స్టాండప్ ఇండియాలో 46 వేల దగ్గర ఆగిన ఎస్సీ ఖాతాల సంఖ్య ఈసారి ఎంత దూరం వెళ్తుందన్నది ఆ శిక్షణ ఫోన్ తెర మీదే ఆగుతుందా, గడప దాకా వస్తుందా అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.